తాతగారి ఎంజీఏకి ఎర్ర రంగు వేయించమంటారా?

ప్రశ్న: నమస్కారం మిస్త్రీ గారూ. మాది పర్లాకిమిడి. మా తాతగారు కలకత్తాలో ఉద్యోగం చేసే రోజుల్లో, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర రెండు సీట్ల ఎంజీఏ స్పోర్ట్స్ కారు కొన్నారు. ఆయన పోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు లేచిపోయి కారు వానలో నానింది. ఇంజిను ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది కానీ మీగడ రంగు పెయింటు అక్కడక్కడా పెచ్చులుగా లేస్తోంది. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు "స్పోర్ట్స్ కారంటే ఎరుపే, ఎర్ర రంగు కొట్టిద్దాం, అమ్మినా మంచి రేటు వస్తుంది" అంటున్నాడు. నాన్నగారేమో "అది మా నాన్న వేయించిన రంగు, ముట్టుకోవద్దు" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. రంగు మారిస్తే కారు విలువ తగ్గుతుందా? ఫోటోలు, ఫ్యాక్టరీ బిగించిన కారు నంబరు (ఛాసిస్ నంబరు) ప్లేటు ఫోటో కూడా పంపుతున్నాను.
- పేరు వేయవద్దన్నారు, పర్లాకిమిడి

జవాబు: తగ్గుతుంది అండి. పాత స్పోర్ట్స్ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో బయటికొచ్చిందో ఆ రంగు తీసేసి వేరేది వేస్తే, చాలావరకు విలువ తగ్గుతుంది. మీ తమ్ముడు చెప్పింది ఒకప్పుడు నడిచిన మాటే. ఫెరారీలు కొనేవాళ్ళందరూ ఎరుపే అడుగుతున్నారని, నీలం, వెండి, ముదురు ఆకుపచ్చ రంగుల్లో పుట్టిన ఫెరారీలను కూడా ఎర్రగా మార్చేసిన కాలం ఒకటి ఉంది. ఇప్పుడు అదే కార్ల యజమానులు బోలెడంత ఖర్చు పెట్టి వాటిని వెనక్కి, పుట్టిన రంగుకి తెచ్చుకుంటున్నారు. ఎందుకంటే కొనేవాళ్ళు ఇప్పుడు ముందు కాగితాలు చూస్తున్నారు. కాగితంలో ఉన్న రంగు బండి మీద లేకపోతే, దాన్ని మళ్ళీ ఆ రంగుకి తేవడానికి ఎంతవుతుందో లెక్కేసుకుని ఆ మొత్తం ధరలోంచి ముందే కోసేస్తారు.

అయితే మీ కారు సంగతి మీరు అనుకుంటున్నట్టు లేదు. మీరు పంపిన వాటిలో డ్రైవరు పక్క డోరు తెరిచి తీసిన ఫోటో ఉంది చూడండి, దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. డోరు కీలు కింద, మీగడ రంగు రూపాయి బిళ్ళంత మేర ఊడిపోయిన చోట, లోపల లేత ఆకుపచ్చ కనిపిస్తోంది. ప్రైమర్ (పెయింటు కింద వేసే మొదటి పూత) అయితే చప్పగా, మెరుపు లేకుండా ఉంటుంది. ఇక్కడ అంచున వెలుతురు పడి మెరుస్తోంది. అది పైపూత పెయింటే. పైగా నాన్నగారు "మా నాన్న వేయించిన రంగు" అంటున్నారు కదా. అంటే తాతగారే రంగు మార్పించారు. మీ కారు ఆకుపచ్చగా పుట్టి, మీ ఇంటికి వచ్చాక మీగడ రంగులోకి మారింది. ఇప్పుడు ఎరుపు వేస్తే అది రెండో మార్పు అవుతుంది.

ఇది నా ఊహ అని వదిలేయకండి, తేల్చుకునే దారి ఉంది. మీ ప్లేటు మీద కారు నంబరు హెచ్, డి అనే అక్షరాలతో మొదలవుతోంది. అంటే అది 1955 నుంచి 1959 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన 1500 మోడల్, 1,489 సీసీ ఇంజిను. ఈ మోడల్ నంబరులో మూడో అక్షరం ఫ్యాక్టరీ వేసిన రంగుని చెబుతుంది. తర్వాత వచ్చిన 1600 మోడల్‌లో ఆ సదుపాయం లేదు, మీ అదృష్టం. కానీ మీ ఫోటోలో సరిగ్గా ఆ మూడో అక్షరం మీద తుప్పు మరక ఉంది. ఇసుక కాగితం, వైరు బ్రష్షు దాని జోలికి తీసుకెళ్ళకండి. కొంచెం కిరసనాయిలు తడిపిన గుడ్డతో మెల్లగా అద్ది, పక్క నుంచి టార్చి వేసి ఇంకో ఫోటో తీయండి.

రెండోది, ఇంగ్లండులో గేడన్ అనే ఊళ్ళో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఎంజీఏల తయారీ రికార్డులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. కారు నంబరు రాసి, రుసుము కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ పంపుతారు. కారు ఏ తేదీన తయారైంది, మొదటి ఇంజిను నంబరు ఏది, ఏ దేశానికి పంపారు, బయట రంగు ఏది, సీట్ల రంగు ఏది, అన్నీ అందులో వస్తాయి. రంగు డబ్బా కొనే ముందు ఈ కాగితం తెప్పించండి. అమ్మినా అమ్మకపోయినా ఆ కాగితం ఇంట్లో ఉండాల్సిందే.

మూడోది మీ చేతిలోనే ఉంది. 1500 రోడ్‌స్టర్‌లో (పైకప్పు తీసే రెండు సీట్ల రకం) డ్యాష్‌బోర్డు ఇనప రేకే, దానికి బాడీ రంగే వేసేవారు. పై నుంచి రంగు కొట్టిన మిస్త్రీలు దాని ముందు వైపు మాత్రమే కొడతారు, మీటర్లన్నీ విప్పి వెనక కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు. టార్చి పట్టుకుని, తల కింద పెట్టి డ్యాష్‌బోర్డు వెనక వైపు చూడండి. ఎండ తగలని చోటు కాబట్టి అక్కడ ఫ్యాక్టరీ రంగు వెలిసిపోకుండా ఉంటుంది. డిక్కీ రబ్బరు కింద, డోరు లోపలి రెక్సిన్ ప్యానెల్ విప్పితే దాని వెనక కూడా చూడొచ్చు. ఆ మోడల్‌కి ఫ్యాక్టరీ రెండు లేత ఆకుపచ్చలు వాడింది, టైరోలైట్ గ్రీన్ ఒకటి, యాష్ గ్రీన్ ఒకటి. టైరోలైట్‌లో నీలం పాలు ఎక్కువ, యాష్‌లో బూడిద పాలు ఎక్కువ. సెల్‌ఫోన్ ఫోటోలో ఆ తేడా చెప్పలేను. సర్టిఫికెట్ వస్తే అదే తేలుతుంది.

ఇక తమ్ముడికి ఒక మాట. ఎరుపు ఎంజీఏకి పరాయి రంగేం కాదు. ఆ మోడల్‌కి ఓరియంట్ రెడ్ అని ఫ్యాక్టరీ రంగే ఉంది. అలా ఎర్రగా పుట్టిన కారు ఎర్రగా ఉంటే దాని విలువ దానిది. మీది అలా పుట్టినట్టు లేదు, అంతే. ఎంజీఏలు మొత్తం 1,01,081 తయారయ్యాయి, అందులో 1500 మోడలే 58,750. అంటే ప్రపంచంలో దొరకని కారేం కాదు. ఎర్రవి, తెల్లవి ఎటు చూసినా కనిపిస్తాయి. ర్యాలీలో వరసగా నిలబెట్టినప్పుడు ఆ లేత ఆకుపచ్చ దగ్గరే జనం ఆగుతారు. తక్కువగా కనిపించే ఫ్యాక్టరీ రంగుని చేతులారా చెరిపేసుకుని, అందరి దగ్గరా ఉన్న రంగు వేయించుకోవడం ఎందుకు?

రంగు మార్చినందుకు పోయే విలువ కన్నా, సగం సగం మార్చినందుకు పోయేది ఎక్కువ. ఇది నేను మా షెడ్డులో కళ్ళారా చూసిన సంగతి. లంజిపల్లి నుంచి ఒక డాక్టరుగారు స్టాండర్డ్ హెరాల్డ్ తెచ్చారు. మద్రాసులో తయారైన బండి, బూడిద రంగు. ఎవరో ఆయనకి తక్కువలో పని కుదిర్చి పైన ఎర్రగా కొట్టిచ్చారు. దూరం నుంచి చూస్తే ముచ్చటగా ఉంది. భువనేశ్వర్ నుంచి కొనడానికి వచ్చినాయన బండి చుట్టూ తిరగనేలేదు. నేరుగా వెళ్ళి డిక్కీ ఎత్తాడు, రబ్బరు బీడింగు గోటితో కొంచెం లాగాడు. కింద బూడిద రంగు. బానెట్ ఎత్తాడు, ఇంజిన్ గది అంతా బూడిద రంగే, అందులో వైర్ల మీద ఎర్ర రంగు తుంపరలు. డోరు తెరిచాడు, కీళ్ళ మీద స్క్రూ తలలన్నీ ఎర్ర పెయింటులో మూసుకుపోయి ఉన్నాయి. అంటే డోర్లు విప్పకుండా కొట్టారన్నమాట. అప్పుడు ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది: "కంటికి కనిపించే చోటే ఇలా చేశారంటే, కనిపించని చోట ఏం చేశారో?" ధర మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. ఆ బండి ఇంజిను బంగారంలా ఉంది, ఆయన స్టార్ట్ కూడా చేయించలేదు.

మీ కారుకి పని మొదలుపెట్టే రోజున ఈ సంగతులు మిస్త్రీకి చదివి వినిపించండి. ఎంజీఏ బాడీ అంతా ఇనుము కాదు. డోర్లు, బానెట్, డిక్కీ మూత పైరేకు అల్యూమినియం. కొనేవాడు లప్పం ఉందేమోనని అయస్కాంతం పెట్టి చూస్తాడు. మడ్‌గార్డు మీద అంటుకుంటుంది, డోరు మీద జారిపోతుంది. "డోరంతా లప్పమే" అని గోల చేస్తే కంగారు పడకండి, అది అల్యూమినియం అని చెప్పండి. మిస్త్రీ కూడా ఆ రేకు మీద మామూలు ప్రైమర్ కొట్టకూడదు, ఎచ్ (etch) ప్రైమర్, అంటే రేకుని కొద్దిగా కొరికి పట్టుకునే రకం, కొట్టాలి. లేకపోతే పెయింటు అతుక్కోదు, ఏడాది తిరక్కుండా పొరలుగా లేచిపోతుంది. గ్రైండరుకి ఇసుక చక్రం తగిలించి పాత పెయింటు గీకుతానంటే ఒప్పుకోవద్దు. పల్చటి రేకు వేడెక్కి వంకర తిరుగుతుంది, తర్వాత దాన్ని లప్పంతో కప్పుతారు. పెయింట్ రిమూవరు పూసి, ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా తీయాలి. పాత పెయింట్లలో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దొద్దు, నీళ్ళు పోసి వాటర్ పేపరుతోనే రుద్దాలి. కాళ్ళ కింద ఉండే నేల పలక చెక్కది, ప్లైవుడ్. తుపానులో నానిందన్నారు కాబట్టి ముందు కార్పెట్టు ఎత్తి దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే రంగు కన్నా ముందు దాని పని పట్టాలి.

పెయింటు ఏది వాడాలి? పాతవాళ్ళు మన దగ్గర డ్యూకో అనేవారు, అదే రకం ఇప్పుడు షాపులో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) అని ఇస్తారు. ఆనాటి కారుకి ఆ మెత్తటి మెరుపే అందం. నాకు అదే ఇష్టం. కానీ గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఎన్‌సీ కొడితే ఆరేలోపు పైన పాలపొర కట్టి తెల్లబడిపోతుంది. మన గంజాం, గజపతి జిల్లాల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ పని పెట్టుకోవద్దు. నవంబరు చివర్లో మొదలుపెట్టి ఫిబ్రవరిలోపు ముగించండి. పీయూ (పాలీయురెథేన్) పెయింటు కొట్టిస్తే ఎక్కువ కాలం ఉంటుంది, గోపాల్‌పూర్ ఉప్పు గాలికి కూడా తట్టుకుంటుంది, కానీ గాజులా మెరుస్తుంది, పాత కారు మీద కొంచెం ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. పీయూ కొట్టే కుర్రాడు మూతికి చేతిరుమాలు కట్టుకుని కొడుతుంటే ఆపేయండి. అందులో గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆ కుర్రాడు ఇక ఆ పని చేయలేడు. బయటి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డుకే బండి ఇవ్వండి. కూలీ కొంచెం ఎక్కువైనా సరే.

రంగు కలపడానికి నమూనా డ్యాష్‌బోర్డు వెనక నుంచే తీసుకోండి. పెయింటు షాపు కంప్యూటరుకి డోరు కీలు దగ్గరి ముక్క చూపిస్తే వెలిసిన రంగే కలిపిస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఆ పాత పూతని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గీకొద్దు, దాని మీద కొత్త రంగు కొట్టొద్దు. కారు ఏ రంగులో పుట్టిందో చూపించే పాత పెయింటు బండి మీద ఇక అదొక్కటే మిగులుతుంది. ఇంజినుకి కూడా బాడీ రంగో నలుపో కొట్టేస్తారు చాలామంది. ఎంజీఏ 1500 ఇంజినుకి ఫ్యాక్టరీ వేసింది ముదురు మెరూన్. తమ్ముడి ఎరుపు ముచ్చట కొంత అక్కడ తీరుతుంది.

నాన్నగారి మాట కూడా నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ మీగడ రంగు వెనక తాతగారి చెయ్యి ఉంది. అమ్మే ఉద్దేశం లేకపోతే, ఇంట్లోనే ఉంచుకుంటామంటే, ఆ రంగుని అలాగే కాపాడుకోవడంలో తప్పేమీ లేదు. పెచ్చులు లేచిన చోట్ల తుప్పు ఆపి, అదే మీగడ రంగు అంతమేరకే అద్దించి, మిగతాది మెత్తటి పాలిష్‌తో తుడిపించండి. అలా ఉంచిన కారుని రేపు మీ పిల్లలు ఆకుపచ్చకి తెచ్చుకోవచ్చు, ఏ దారీ మూసుకుపోదు. అమ్మే ఆలోచన ఉంటే మాత్రం అమ్మకానికి ముందు ఏ రంగూ కొట్టించొద్దు. కొత్త పెయింటు చూస్తే కొనేవాడికి కింద ఏం దాచారో అన్న అనుమానమే ముందు వస్తుంది. తుప్పు కనిపించేలా, ఉన్నదున్నట్టుగా, సర్టిఫికెట్ పక్కన పెట్టి చూపించండి. పని ఎలా చేయించుకోవాలో కొన్నవాడే నిర్ణయించుకుంటాడు. ఉంచుకుని, డబ్బు పెట్టి, పూర్తిగా చేయిద్దామనుకుంటే లేత ఆకుపచ్చే వేయించండి. నా ఓటు దానికే. ఎరుపుకి మాత్రం ఓటు వేయలేను.

ఆర్‌సీ పుస్తకం సంగతి మర్చిపోవద్దు. అందులో రంగు గడి ఉంటుంది. అందులో ఏం రాసి ఉందో ముందు చూడండి. తాతగారు రంగు మార్పించినప్పుడు నమోదు చేయించారో లేదో అందులోనే తెలుస్తుంది. ఏ రంగు వేయించినా ఆర్‌టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర టెన్షన్ పడతారు. యాభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాల కింద కూడా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలని ఆ నియమం. అలా నమోదు చేశాక ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి తీయొచ్చు కానీ రోజూ బజారుకి తిప్పడానికి కుదరదు.

ప్రశ్న: మా నాన్నగారి పాత విల్లీస్ జీపుకి మిలటరీ ఆకుపచ్చ వేయిద్దామని ఉంది. అది దాని అసలు రంగే కదా. వేయించవచ్చా?
- ఒక పాఠకురాలు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: ఆ రంగు వేయించకండమ్మా. ఆ జీపు సైన్యంలో పనిచేసినప్పుడు అది దాని అసలు రంగే అయి ఉండవచ్చు, కానీ ఇప్పుడు అది మీ పేరు మీద ఉన్న సివిలియన్ బండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. కొరాపుట్ ఘాట్‌ల మీద చెకింగ్ ఎక్కువ, మొదటి గేటు దగ్గరే ఆపుతారు. అసలు రంగుకి విలువ ఉంటుందని పైన అంతసేపు చెప్పాను, ఇక్కడ చట్టం అడ్డుపడింది కాబట్టి ఆ విలువ మీకు రాదు. ముదురు ఇటుక రంగో, ఇసుక రంగో చూసుకోండి. ఆర్‌సీలో ఎక్కించుకోండి.

ప్రశ్న: మా అక్క పెళ్ళికి నాన్నగారి పాత ఫియట్‌కి పెయింటు బదులు రంగు స్టిక్కరు, అదే ర్యాప్, వేయించి పెళ్ళయ్యాక తీసేద్దామనుకుంటున్నాం. దానివల్ల బండి విలువకేమైనా దెబ్బా?
- రాయగడ

జవాబు: పెయింటు గట్టిగా ఉంటే ఏమీ కాదు. కానీ పాత ఫియట్ అంటున్నారు కాబట్టి ముందు ఒక పరీక్ష చేయండి. బానెట్ మీద కనిపించని మూల మాస్కింగ్ టేపు అంటించి, గట్టిగా రుద్ది, రాత్రంతా ఉంచి పొద్దున లాగండి. టేపుతో పాటు రంగు వచ్చిందంటే ర్యాప్ పెట్టొద్దు, తీసేటప్పుడు పెయింటుని పొరలతో సహా ఊడబెరుకుతుంది. రాకపోతే పెట్టించండి, ఎండలో నిలబెట్టకుండా పెళ్ళయిన వారంలోపు తీయించండి. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి మెల్లగా లాగమనండి. ఆలస్యమైన కొద్దీ జిగురు గట్టిపడుతుంది. అక్కకి నా ఆశీస్సులు చెప్పండి.